మోతీ రాసుకున్న కారణం

ఐటీఐలో చేరే రోజు మోతీ వెంట వాళ్ల నాయన ధన్‌సింగ్ వచ్చాడు. 2008 వానాకాలం. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడ ఒక ఐటీఐలో నేను ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పాఠాలు చెప్పేవాణ్ణి. దరఖాస్తులు తీసుకుంటున్న గుమాస్తా ఆ పిల్లను ఒకసారి చూసి, అడక్కుండానే డ్రెస్ మేకింగ్ అని రాయబోయాడు.

"అది గాదు సార్. కరెంటు రాయుండ్రి," అంది మోతీ.

గుమాస్తా నవ్వాడు. "స్తంభాలెక్కుతవా ఏంది?"

"ఎక్కుతది సార్," అన్నాడు ధన్‌సింగ్. "మా తండల ఫ్యూజు పోతే ఈమెనే ఏస్తది. నాకంటె మంచిగ ఎక్కుతది."

ఆయన కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు కానీ, ఆ సిగ్గు వెనుక గర్వం దాగలేదు. నేను పక్కనే ఉన్నాను. "రాయవయ్యా, నా ట్రేడులనే రాయి," అన్నాను. అట్లా మోతీ నా క్లాసుకొచ్చింది. ఇరవై ముగ్గురు మగపిల్లలు, ఒక్క ఆడపిల్ల.

వాళ్లది కొత్తగూడ అడవిలో ఒక లంబాడీ తండా. మోతీకి పదేళ్లు వచ్చాక గానీ అక్కడికి కరెంటు రాలేదు. వచ్చింది కానీ, గాలి వీస్తే పోయేది. లైన్‌మన్ ఉండేది ఎక్కడో మండల కేంద్రంలో. ఆయన వచ్చేదాకా ఆగలేక ధన్‌సింగ్ తనే స్తంభాలు ఎక్కడం నేర్చుకున్నాడు. జీతం లేదు, కాగితం లేదు. పోడు చేసుకుంటూ, ఎవరు పిలిస్తే వాళ్ల కోసం ఎక్కేవాడు. కూతురు కింద నిలబడి తీగలు అందించేది. కొన్నాళ్లకు ఆమే ఎక్కడం మొదలుపెట్టింది, ఆయన కింద నిలబడ్డాడు.

మా ఐటీఐ వెనుక ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం ఒకటి ఉండేది, పిల్లల ప్రాక్టీసుకు. మొదటి వారమే మోతీ దాని కొసకు పోయి, అక్కడి నుంచి "ఇగ దిగాల్నా సార్?" అని అడిగింది. అబ్బాయిలు చప్పట్లు కొట్టారు. జగన్ అని ఒక్క పిల్లాడు మాత్రం కొట్టలేదు. కళ్లు మూసుకొని ఉన్నాడు. ఎవరో ఎత్తు మీద నిలబడితే చూడటం కూడా అతనికి చేతకాదు.

జగన్ది కూడా తండానే, గూడూరు వైపు. తండ్రి లేడు. తల్లి సమ్మక్క కూలికి పోయి చదివించింది. మంచి రాత, మంచి మాట. సర్క్యూట్ గీస్తే అచ్చు వేసినట్టుండేది. స్తంభం దగ్గరికొస్తే మాత్రం మూడు మీటర్ల దగ్గరే స్తంభాన్ని వాటేసుకొని ఆగిపోయేవాడు. కిందికి దిగి నవ్వేవాడు. "నేను భూమి మీద పనికొస్త సార్. ఆకాశం మోతీకి ఇచ్చిన," అనేవాడు.

2009 చలికాలంలో తెలంగాణ ఉద్యమం రాజుకుంది. కాలేజీలు మూతపడ్డాయి. మా పిల్లలు జెండాలు పట్టుకొని రోడ్డెక్కారు. ముందు వరసలో జగన్ ఉండేవాడు. రైలు పట్టాల మీద కూర్చున్నాడు, లాఠీ దెబ్బలు తిన్నాడు, ఒక కేసులో పేరు కూడా పడింది. మోతీ వెనుక వరసలో నడిచేది. ఒకసారి నేను అడిగాను, ఇదంతా నీకు నమ్మకమేనా అని.

"నాకు ఎర్కలేదు సార్. వాడు నమ్ముతుండు. వాడు నమ్మితే నాకు మంచిగనిపిస్తది."

అప్పుడు నాకు అర్థమైంది వాళ్లిద్దరి సంగతి.

2010లో ఇద్దరూ పాసయ్యారు. మోతీకి క్లాసులో మొదటి మార్కులు. ఆ ఏడు కోస్తా వైపు నుంచి ఒక ప్రైవేటు కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలకు వచ్చారు. మోతీ ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో మా తెలుగు నేర్చుకున్న పిల్ల. అడిగినదానికి సరైన జవాబే చెప్పింది, కానీ "గిట్ల పట్టుకోవాలె సార్" అంది. ఎదురుగా కూర్చున్నాయన పక్కవాడి వైపు తిరిగి, "గిట్ల అంట, సినిమాలో కమెడియన్ లాగా," అని నవ్వి, ఇంకోసారి అనమన్నాడు. మోతీ మళ్లీ అంది. రెండోసారి ఇంకా గట్టిగా నవ్వారు. చివరికి ప్యాకింగ్ పని ఇస్తామన్నారు. ఆమె దండం పెట్టి బయటికొచ్చింది.

"సార్, నేను చెప్పింది తప్పా?"

"తప్పు గాదు బిడ్డా."

"మరెందుకు నవ్విండ్రు?"

నేనూ ఈ యాసలోనే పెరిగి, లింగాల ఘనపూర్ నుంచి వచ్చినవాణ్ణి. చిన్నప్పటి నుంచి ఆ నవ్వు విన్నవాణ్ణే.

సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు, 2012లో, కరెంటు సంస్థలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలు పడ్డాయి. పేపరు పట్టుకొని మోతీ, జగన్ ఇద్దరూ మా ఇంటికే వచ్చారు. ముగ్గురం అరుగు మీద కూర్చొని చదివాం. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: మహిళలు అర్హులు కారు.

మోతీ ఆ వరుసను రెండుసార్లు చదివింది. పేపరు మడిచి జగన్ చేతిలో పెట్టింది. "నువ్వు రాయి," అంది.

"నేనా? స్తంభం ఎక్కే పరీక్ష ఉంది. నాతోని కాదు."

"నేను నేర్పిస్త."

"తెలంగాణ రానీ మోతీ. గీ రూలంత మారుతది. అప్పుడు ఇద్దరం రాద్దాం."

"వచ్చినప్పుడు నేను రాస్త. ఇప్పుడు నువ్వు రాయి. మీ అవ్వ ఇంకెన్ని రోజులు కూలికి పోతది?"

తల్లి కోసం జగన్ ఒప్పుకున్నాడు. దరఖాస్తు పెట్టాడు.

ఆ ఎండాకాలమంతా ఐటీఐ వెనుక స్తంభం దగ్గర వాళ్లిద్దరూ కనిపించేవారు. పొద్దున్నే వచ్చేవారు, సిమెంటు కాలకముందే. మోతీ ముందు ఎక్కి చూపించేది. తర్వాత కింద నిలబడి మాట్లాడుతూనే ఉండేది. "కిందికి చూడకు. మీదికి గూడ చూడకు. నీ చెయ్యి యాడుందో గదే చూడు." మూడు మీటర్ల దగ్గర అతను ఆగిపోతే, దిగమనేది కాదు. అక్కడే ఉండమనేది. "ఏం గాదు. జర ఊపిరి తీసుకో. నేనున్న." రోజుకు ఒక జానెడు. ఒక్కో రోజు అదీ లేదు. కానీ నెలన్నర తిరిగేసరికి జగన్ స్తంభం కొస పట్టుకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాడు. పైనుంచి ఏదో అరిచాడు, లంబాడీలో. మోతీ ముఖం ఎర్రబడింది. నాకు ఆ మాటకు అర్థం చెప్పలేదు.

పరీక్ష రోజు ఇచ్చిన సమయానికంటే ముందే ఎక్కి దిగాడు. ఉద్యోగం వచ్చింది. గోదావరి పక్క, మహదేవపూర్ దాటాక, మారుమూల పల్లెల్లో వేశారు. సమ్మక్క కూలి మానేసింది. పెళ్లెప్పుడని మా ఆవిడ అడిగితే జగన్ నవ్వి, "తెలంగాణ వచ్చిన రోజే అక్కా. పందిరి గూడ ఎయ్యనక్కర లేదు, ఊరంత పందిరే ఉంటది," అన్నాడు.

2013 జూన్‌లో తొలి వానకు పెద్ద గాలి వీచి, అక్కడ లైన్లు తెగిపోయాయి. పల్లెలు రెండు రోజులు చీకట్లో ఉన్నాయి. మూడో రోజు మధ్యాహ్నం జగన్ ఒక్కడే స్తంభం ఎక్కాడు. లైను మీద పని చేసేముందు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి సరఫరా ఆపించాలి. ఎల్‌సీ తీసుకోవడం అంటారు దాన్ని. పని ముగిసిందని ఎక్కినవాడే చెప్పాలి, అప్పుడే మళ్లీ కరెంటు ఇవ్వాలి. జగన్ ఫోను చేశాడు. అవతలి మనిషి ఆపాడు కూడా. కానీ ఆయన డ్యూటీ ముగిసి ఇంకొకరు వచ్చారు. వచ్చినాయనకు లైను మీద మనిషి ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. ఏదో ఊరి నుంచి కరెంటు ఎప్పుడిస్తారని ఫోన్ల మీద ఫోన్లు. ఆయన స్విచ్ వేశాడు.

జగన్‌ను కిందికి దించడానికి గంట పట్టింది. అతనికి ఇరవై రెండేళ్లు.

విచారణ కాగితంలో 'సొంత అజాగ్రత్త' అని రాశారు. గ్లౌజులు లేవని రాశారు. అవి అతనికి ఎన్నడూ ఇవ్వలేదన్నది రాయలేదు.

నేను జగన్ తండాకు పోయేసరికి వాళ్లింటి బయట మోతీ మట్టిలో కూర్చొని ఉంది. లోపల సమ్మక్క ఏడుపు. మోతీ ఏడవడం లేదు. లోపలికి పోవడం కూడా లేదు. ఎవరో పెద్దామె వచ్చి చెయ్యి పట్టి లేపి తీసుకుపోతే, సమ్మక్క తలెత్తి చూసి ఏదో అంది. మోతీ గిరుక్కున వెనక్కి తిరిగి బయటికొచ్చేసింది. తర్వాత ధన్‌సింగ్ నాకు చెప్పాడు ఆ మాటేందో. "నా కొడుకును నువ్వే ఎక్కిచ్చినవ్" అన్నదట.

వారం తర్వాత మోతీ ఐటీఐకి వచ్చింది. నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, వానికి ఎత్తంటే భయం ఉండె."

"ఔను బిడ్డా."

"ఆ భయం ఉంటే బతికేటోడు. నేనే తీసేసిన."

అంతవరకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నా బల్ల అంచు పట్టుకొని, నిలబడే ఏడ్చింది. నేను తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాను. జగన్ ఐటీఐ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది నేనే. స్తంభం దగ్గర వాళ్లిద్దర్నీ చూసి మురిసిపోయింది నేనే.

సరిగ్గా ఆ జూలై చివరలో రాష్ట్రం ఇస్తామని ప్రకటన వచ్చింది. మానుకోట అంతా పటాకులు. పిల్లలు నా మీద గులాల్ చల్లారు. నేను నవ్వాను, స్వీటు తిన్నాను. ఇంటికొచ్చి స్నానం చేసేటప్పుడు మాత్రం జగన్ గుర్తొచ్చి చాలాసేపు నీళ్ల చప్పుడులోనే ఉండిపోయాను.

ఆ ఏడే నాకు జనగామకు బదిలీ అయింది. మోతీ కూడా జనగామలోనే పని దొరికించుకుంది. అది బోర్ల ఊరు. ఎండాకాలం కాలిపోయిన మోటర్లు కుప్పలు కుప్పలుగా వస్తాయి. ఒక వైండింగ్ దుకాణం వెనుక గదిలో కూర్చొని రాగితీగ చుట్టేది. స్తంభం కనబడితే తల దించుకొని నడిచేది. ముందు గదిలోకి రావద్దని యజమాని చెప్పాడట, ఆడపిల్ల చుట్టిన మోటరంటే రైతులు నమ్మరని. ఆమె వెనుక గదిలోనే ఉండిపోయింది. అసలు అప్పట్లో దేనికీ ఏమీ అనేది కాదు.

చలికాలంలో నన్ను రెండు వారాల ట్రైనింగుకు హైదరాబాద్ పంపారు. జర్మనీ నుంచి ఒక పెద్దాయన వచ్చి మా ఇన్‌స్ట్రక్టర్లకు పాఠాలు చెప్పాడు. ఒకరోజు జేబులోంచి చిన్న ఎర్ర తాళం తీశాడు. దాని మీద ఆయన పేరుంది. తమ దగ్గర ఎవరు లైను మీద పనికి పోయినా ముందు స్విచ్‌కు తన తాళం తనే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకొని పోతారని చెప్పాడు. ఆ మనిషి తిరిగొచ్చి తీసేదాకా ఆ తాళాన్ని ఇంకెవరూ తీయకూడదు, పై అధికారి అయినా సరే. మాలో కొందరు నోట్సు రాసుకున్నారు. నేను ఆ పెద్దాయన అడ్రసు రాసుకున్నాను.

జనగామ వచ్చాక మోతీకి చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. చెప్పాను. మోతీ చేతిలో రాగితీగ అట్లే ఆగిపోయింది.

"తాళమా సార్?"

"తాళమే."

"గంతేనా? ఒక్క తాళమా?"

ఆమె గొంతులో అంత కోపం నేను ఎన్నడూ వినలేదు. ఆ కోపం నా మీద కాదు. తీగ చుట్ట పక్కన పెట్టింది. "గక్కడ ఆడోళ్లకు ఈ పని నేర్పిస్తరా?" నేర్పిస్తారని చెప్పాను. ఫీజు కూడా ఉండదు, పనిలోకి తీసుకొని, మూడున్నరేళ్లు స్టైపెండు ఇస్తూ చదివిస్తారు, కానీ వాళ్ల భాష రావాలి అన్నాను. ఆ పెద్దాయన అడ్రసు నా దగ్గరుంది.

"భాషదేముంది సార్. మీ తెలుగు నాకు పుట్టుకతోని వచ్చిందా?"

హైదరాబాద్‌లో ఒక ఇళ్ల వైరింగ్ మేస్త్రీ దగ్గర పనిలో చేరి, సాయంత్రాలు జర్మన్ నేర్చుకుంది. క్లాసులో సాఫ్ట్‌వేర్ పిల్లలు, నర్సులు. అందరికీ అది కొత్త భాషే. అందరూ తప్పులు మాట్లాడేవారు. "ఈడ నా ఒక్కదాన్ని చూసి ఎవ్వరు నవ్వరు సార్," అని ఫోనులో చెప్పింది. జగన్ పోయాక ఆమె చెప్పిన మొదటి మంచి మాట అది.

దరఖాస్తులో ఒక కాగితం రాయాలి: ఈ చదువు మా దేశంలోనే ఎందుకు చదవాలనుకుంటున్నారు? రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. నేను మంచి భాషలో రాశాను. ఆధునిక పరిజ్ఞానం, ప్రపంచస్థాయి నైపుణ్యం, రేపటి నా రాష్ట్రానికి సేవ. మా పిల్లలందరికీ నేను రాసిచ్చేది అదే. బయట దేశాలకు చదువుకు పోయే ఐటీఐ పిల్లలంటే జీతం కోసమే పోతున్నారని లోకం అనుకుంటుంది. కొందరు అందుకే పోతారు కూడా. మోతీ నా కాగితం చదివి, మెల్లగా బల్ల మీద పెట్టి, వెనుకవైపు తిప్పి తనే రాసుకుంది.

"నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. మా దగ్గర ఆడవాళ్లు ఆ ఉద్యోగానికి పనికిరారు. నా స్నేహితుడు పనికొచ్చాడు. అతని దగ్గర తాళం లేదు. ఈ పని నాకు ఇష్టం. చచ్చిపోకుండా ఈ పని ఎట్ల చేయాలో నేర్చుకోవాలని ఉంది."

జర్మన్‌లోకి మార్చుకొని అదే పంపింది. 2014 ఏప్రిల్‌లో జర్మనీలోని ఒక చిన్న పట్నం నుంచి రమ్మని ఉత్తరం వచ్చింది.

ధన్‌సింగ్ అడ్డు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. "పోనియ్ సార్. ఈడుంటే జిందగీ అంత తల దించుకునే నడుస్తది," అన్నాడు.

జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. మోతీ హైదరాబాద్‌లో క్లాసులో ఉంది. కింద వీధిలో ఊరేగింపు పోతుంటే అందరితో పాటు దిగి గేటు దగ్గర నిలబడిందట. ఎవరో ముఖానికి గులాల్ పూశారట. నాకు ఫోను చేసింది. "వచ్చింది సార్," అంది. డప్పుల చప్పుడులో ఆమె ఊపిరి వినబడుతోంది. ఆ రోజు ఆమె పెళ్లి రోజు కావలసింది. నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

ఆగస్టులో ప్రయాణానికి ముందు, గూడూరు వైపు, సమ్మక్క దగ్గరికి తీసుకుపొమ్మని అడిగింది. నా బండి మీద పోయాం. ఏడాదిగా సమ్మక్క ఆమెతో మాట్లాడలేదు. మేం పోయేసరికి మంచం మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. మోతీ కొంచెం దూరంలో నేల మీద కూర్చొని తనూ గింజలు తీయడం మొదలుపెట్టింది. తర్వాత వాళ్ల భాషలో నాలుగు మాటలు నడిచాయి. సమ్మక్క లేచి లోపలికి పోయి, జగన్ చదువుకునేటప్పుడు కప్పుకున్న దుప్పటి తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది. ముఖం మాత్రం చూడలేదు.

ఆ మాటలేందో దారిలో చెప్పింది మోతీ. ఎక్కడికి పోతున్నావంటే దూరదేశం అందట. ఏం చదువుకంటే కరెంటు చదువుకే అందట. సమ్మక్క చేతులాగిపోయాయట.

"గాడ గూడ స్తంభాలుంటయా అన్నది సార్. ఊళ్లల్ల తీగలన్ని భూమిల పాతిపెడ్తరట యాడీ అన్న. యాడీ అంటే మాకు అమ్మ సార్. వాడు పిల్చినట్టే పిల్చిన." కొంచెం దూరం పోయాక మిగతాది చెప్పింది. "అయితే పో అన్నది. అక్కడ చలి ఉంటది, కప్పుకో అన్నది."

బండి మీద నా వెనుక ఆమె ఏడుస్తూనే ఉంది. నేను వేగం తగ్గించాను. మానుకోట వచ్చేదాకా అట్లే నడిపాను.

పోయిన మొదటి చలికాలంలో ఒక ఆదివారం ఫోను చేసింది. పాఠాలు అర్థమవుతున్నాయని, మొదటి పరీక్షలో మంచి మార్కులొచ్చాయని చెప్పింది. తన పేరు చెక్కిన తాళం ఇచ్చారని చెప్పింది. తర్వాత ఆగింది.

"సార్, మొన్న ట్రైనింగ్‌ల స్తంభం ఎక్కమన్నరు. ఎక్కలేకపోయిన."

"ఎందుకు బిడ్డా?"

"తాళం నేనే ఏసిన. తాళంచెవి నా జేబులనే ఉంది. అన్ని మంచిగనే ఉన్నయి. రెండు మీటర్లు పోంగనే చేతులు రాలే. మా మాస్టర్ కింద నిలబడి ఏమైందన్నడు. చెప్పనీకి మాటలు రాలే సార్, గా భాషల. నా స్నేహితుడు, అన్న. గంతే అన్న. ఆయన దించి చాయ్ తాపించిండు. ఏం అడగలే. తెల్లారి నుంచి నన్ను స్విచ్‌బోర్డుల పనిల పెట్టిండు, కింద."

మొదటి వారమే ఎనిమిది మీటర్ల కొస నుంచి దిగాల్నా అని అడిగిన పిల్ల ఆమె.

"కింద పని గూడ పనే కదా సార్?" అంది మోతీ.

"పనే బిడ్డా. మంచి పని," అన్నాను.

"ఔను," అంది. అక్కడ మంచు పడుతోందని, మా ఆవిడను అడిగినట్టు చెప్పమని, సమ్మక్కకు మోకాళ్లు నొస్తున్నాయట, వీలైతే దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పి ఫోను పెట్టేసింది.

ఆ బుధవారమే నేను సెలవు పెట్టి గూడూరు పోయాను.